కాకటీల్‌కి తోడుగా ఏ పక్షి? పంజరం పంచుకునేవి, గది మాత్రం పంచుకునేవి, అసలు వద్దనుకోవలసినవి

తల మీద తురాయి ఉండే చిన్న ఆస్ట్రేలియా చిలుక కాకటీల్. దాని పక్కన బడ్జీని పెట్టాలనుకునేవాళ్లకు ముందు వచ్చే బెంగ ఒకటే: పెద్దది చిన్నదాన్ని ఏమైనా చేస్తుందేమో అని. లెక్క చూస్తే భయం సహజమే. కాకటీల్ 80 నుంచి 100 గ్రాములు తూగుతుంది, తోకతో కలిపి 30 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. బడ్జీ 30–40 గ్రాములు, 18 సెంటీమీటర్లు. కానీ రెండింటినీ ఒకే పంజరంలో వదిలి వారం రోజులు గమనిస్తే చాలాసార్లు తలకిందులుగా కనిపిస్తుంది. తోక ఈకలు కొరికించుకునేది, గిన్నె దగ్గర నుంచి తప్పుకునేది, ఓ మూల ఒదిగి కూర్చునేది కాకటీలే. కోపం వస్తే బుస కొడుతుంది, తురాయి వెనక్కి అణుస్తుంది, ముక్కు తెరిచి బెదిరిస్తుంది, అంతే. ఎదుటిది బెదరకపోతే తనే జరిగిపోతుంది.

కాబట్టి తోడు పక్షిని వెతికేటప్పుడు తూకం కన్నా ముందు దాని ముక్కు ఎంత గట్టిది, అది ఎంత మొండిది, రోజంతా ఎంత కుదురులేకుండా ఉంటుంది అన్నవి చూడాలి. 50 గ్రాముల లవ్‌బర్డ్ 100 గ్రాముల కాకటీల్ కాలివేలు తెంచగలదు. 45 గ్రాముల బర్క్ చిలుక (ఇదీ ఆస్ట్రేలియాదే) దాని పక్కన కూర్చుని కునికిపాట్లు పడుతుంది. రెండూ దాదాపు ఒకే బరువు.

పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. మాటల్లో చాలామంది బడ్జీలనే లవ్‌బర్డ్స్ అనేస్తారు. ఈ వ్యాసంలో బడ్జీ అంటే ఒంటి మీద అలల్లాంటి చారలు, పొడుగు తోక ఉండే చిన్న ఆస్ట్రేలియా చిలుక. లవ్‌బర్డ్ అంటే పొట్టి తోక, బొద్దు ఒళ్లు, ఒంటికి మించిన ముక్కు ఉండే ఆఫ్రికా చిలుక. ఈ రెండింటి పేర్లు తారుమారైతే ఇక్కడి సలహా అంతా తారుమారవుతుంది.

ముందు తేల్చుకోవలసింది: ఒకే పంజరమా, ఒకే గదా?

తోడు అనగానే ఒకే పంజరంలో రెండు పక్షులు కళ్లముందు మెదులుతాయి. కాకటీల్‌కి కావలసింది అంతకన్నా తక్కువే. అది అడవిలో గుంపుగా తిరిగే పక్షి. గుంపు కనబడాలి, పిలిస్తే పలకాలి, తను తింటున్నప్పుడు ఇంకెవరో తింటూ ఉండాలి. పక్క పంజరంలోని పక్షి కూడా ఈ మూడూ తీర్చగలదు. తీర్చలేనిది ఒక్కటే, తల గీరడం. కాకటీల్ తల వంచి, మెడ ఈకలు విప్పి, గీరమని అడుగుతుంది. ఆ భాష ఇంకో కాకటీల్‌కి బాగా అర్థమవుతుంది, మనిషికీ అర్థమవుతుంది. మిగతా జాతుల్లో చాలావాటికి అర్థం కాదు.

అందుకని వేరే జాతి పక్షిని తెచ్చేటప్పుడు రెండు పంజరాల లెక్కతోనే మొదలుపెట్టండి. కలిసి ఉంటే లాభం, ఉండకపోతే నష్టం లేదు. ఒక్క పంజరమే పెట్టే చోటు ఉంటే ఇంకో కాకటీల్ తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు.

ఇంకో కాకటీల్

మొదటి ఎంపిక ఇదే. రెండో ఎంపికకూ దీనికీ మధ్య దూరం చాలా ఉంది. తిండి ఒకటే, నిద్ర వేళలు ఒకటే, పిలుపు ఒకటే. ఆయుష్షు కూడా ఒకటే, 15 నుంచి 20 ఏళ్లు. ఈ ఆయుష్షు సంగతి ఎవరూ ముందు ఆలోచించరు. బడ్జీ 5 నుంచి 10 ఏళ్లు బతుకుతుంది. కాకటీల్ ఒక జీవితకాలంలో రెండు మూడు తోడులను పోగొట్టుకోవలసి రావచ్చు.

ఆడా మగా లెక్క ముందే చూసుకోవాలి. రెండు మగవి బాగా సర్దుకుంటాయి. ఈలలతో పోటీ పడతాయి, అప్పుడప్పుడు ముక్కుతో తోసుకుంటాయి, గాయాల దాకా పోవడం అరుదు. రెండు ఆడవి కూడా సర్దుకుంటాయి, కానీ మగది లేకపోయినా ఆడ కాకటీల్ గుడ్లు పెట్టగలదని గుర్తుంచుకోండి. జంట తెస్తే గుడ్లు తప్పవనుకునే సిద్ధపడాలి. ఒక్కో విడతకు 4 నుంచి 6 గుడ్లు పెడుతుంది, 18 నుంచి 21 రోజులు పొదుగుతుంది. విడత వెనక విడత పెడుతూ పోతే ఒంట్లో కాల్షియం కరిగిపోతుంది. అప్పుడే గుడ్డు లోపల ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుంది. గుడ్లు వద్దనుకుంటే గూడు పెట్టె పెట్టకండి. అట్టపెట్టెలు, సోఫా కింది చీకటి సందులు అందనివ్వకండి. వెలుతురు రోజుకు 10–12 గంటలు దాటనివ్వకండి. గోరువెచ్చని మెత్తటి తిండి మానండి. వీపు, తోక మొదలు నిమరకండి. పంజరంలో కటిల్ బోన్ (కాల్షియం కోసం పక్షి కొరుక్కునే కటిల్ ఫిష్ గుల్ల) మాత్రం ఎప్పుడూ వేలాడాలి. గుడ్లు పెట్టేసిందా, వెంటనే తీసేయకండి. తీసిన కొద్దీ లోటు పూడ్చుకోవడానికి ఇంకా పెడుతుంది. ఉత్తుత్తి గుడ్లు మార్చి పెట్టి, విసుగొచ్చి తనే వదిలేసేదాకా సుమారు మూడు వారాలు ఊరుకోండి.

ఆడో మగో చెప్పడం పిల్లప్పుడు కష్టం. ఆరు నెలల లోపు బూడిదరంగు కాకటీల్ పిల్లలన్నీ ఆడవాటిలాగే కనిపిస్తాయి. మొదటిసారి ఈకలు రాల్చాక మగదాని ముఖం పసుపెక్కుతుంది, తోక అడుగున అడ్డచారలు, రెక్క అడుగున పసుపు మచ్చలు పోతాయి. ఆడదానికి అవి నిలుస్తాయి. తెలుపు పసుపు ముక్కలుగా ఉండే పైడ్ రకంలో ఈ గుర్తులేవీ నమ్మకం లేదు. ఈకతోనో రక్తపు చుక్కతోనో చేసే డీఎన్ఏ పరీక్షే తేలుస్తుంది. అమ్మేవాళ్లు చూడగానే ‘మగదే’ అని తేల్చి చెప్పే మూడు నెలల పిల్ల విషయంలో ఆ మాటకు విలువ లేదు.

రెండోది వస్తే మొదటిది మచ్చిక తప్పుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. సగం నిజం. పక్షి మనిషిని మరిచిపోదు, మనిషే సమయం తగ్గించేస్తాడు. రోజుకు రెండుసార్లు, పదిహేనేసి నిమిషాలు, రెండో పక్షి కంటపడని చోట దానితో విడిగా గడిపితే పాత మచ్చిక చాలావరకు నిలుస్తుంది. కొత్తదాన్ని మచ్చిక చేయడానికీ అంతే సమయం విడిగా కావాలి. రెండింటికీ కలిపి అరగంట అనుకుంటే రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి తప్ప మిమ్మల్ని చూడవు.

బడ్జీలు

ఎక్కువమంది అడిగేది వీటి గురించే. నడిచే జోడీయే, కొన్ని షరతుల మీద. రెండూ ఆస్ట్రేలియా మెట్ట నేలల పక్షులు, రెండూ గడ్డిగింజలు ఏరుకు తినేవి, రెండూ గుంపు పక్షులు. తేడా అంతా వేగంలో ఉంది. కాకటీల్ గంటసేపు ఒకచోట కూర్చుని ఈకలు సవరించుకోగలదు. బడ్జీకి పది నిమిషాలు కుదురుగా ఉండటమే గగనం. ఊరికే ఉన్న కాకటీల్ తోక దానికి ఆటవస్తువులా కనిపిస్తుంది. ఇందాక చెప్పిన తల గీరడం దగ్గర కూడా ఇదే చిక్కు. కాకటీల్ తల వంచి నిలబడుతుంది, బడ్జీ వచ్చి గట్టిగా ఒక పోటు పొడుస్తుంది, కాకటీల్ కీచుమంటుంది. రోజుకు పదిసార్లు ఇలా జరిగితే దానికి తల వంచాలన్న ఆశే చస్తుంది.

మొదటి షరతు: ఒంటరి బడ్జీని కాకటీల్ దగ్గర పెట్టకండి. రెండు బడ్జీలుంటే వాటి అల్లరి ఒకదానిమీద ఒకటి ఖర్చు పెట్టుకుంటాయి. ఒక్కటే ఉంటే ఆ అల్లరంతా కాకటీల్ నెత్తిన పడుతుంది. రెండోది: కుదిరితే రెండూ మగ బడ్జీలే. ఆడ బడ్జీ కాటు గట్టిది, గూడు ధ్యాస పడితే చోటు కోసం పోట్లాడుతుంది. పెద్ద మగదానికి ముక్కు పైన ఉండే మెత్తటి పట్టీ నీలంగా ఉంటుంది, ఆడదానికి లేత గోధుమ నుంచి ముదురు గోధుమ దాకా ఉంటుంది. ఒళ్లంతా పసుపుగా ఉండే లుటినో, తెల్లగా ఉండే ఆల్బినో మగవాటికి మాత్రం పెద్దయినా గులాబీ ఊదా రంగే నిలుస్తుంది, వాటిని చూసి ఆడవనుకుంటారు. మూడోది చోటు. రెండు కాకటీళ్లు, రెండు బడ్జీలు కలిసి ఉండాలంటే పొడవు 120 నుంచి 150 సెంటీమీటర్లు, లోతు 60, ఎత్తు 90 ఉండాలి. ఇంతకు తగ్గితే పంజరాలు విడిగానే ఉంచి, బయట తిరిగే వేళ కలపండి. చాలా ఇళ్లకు సరిపోయే పద్ధతి కూడా ఇదే.

బడ్జీలతో వచ్చే జబ్బుల్లో రెండింటి మీద కన్నేయాలి. ఒకటి కడుపులో పెరిగే ఈస్ట్. దీన్ని మెగాబ్యాక్టీరియా అని పాతపేరుతో పిలుస్తుంటారు గాని అది బ్యాక్టీరియా కాదు, శిలీంధ్రం. పక్షి ఆవురావురుమంటూ తింటూనే చిక్కిపోతుంది, రెట్టలో అరగని గింజలు కనిపిస్తాయి. కాకటీల్‌కి కూడా ఇది అంటుతుంది. రెండోది ముక్కు చుట్టూ, కాళ్ల మీద సున్నం పూసినట్టు పొరలు కట్టే గజ్జి పురుగు. మందు వేస్తే తగ్గుతుంది, కానీ కొత్త పిట్ట ముక్కు మూలల్ని వెలుగులో పట్టి చూసి తెచ్చుకుంటే ఆ తిప్పలే ఉండదు.

బర్క్ చిలుక, స్ప్లెండిడ్ చిలుక

వేరే జాతే కావాలంటే మా ఓటు వీటికే. బర్క్ చిలుక 40 నుంచి 50 గ్రాములు, 19 సెంటీమీటర్లు, గులాబీ గోధుమ ఛాయ. ముక్కు చిన్నది, గొంతు మెత్తనిది, గొడవంటే తెలియదు. తెల్లవారుజామున, సందె వేళ హుషారుగా ఉండి, మధ్యాహ్నమంతా కాకటీల్ లాగే కూర్చుంటుంది. అందుకే వీటి మధ్య ఘర్షణ పుట్టే సందర్భాలే తక్కువ.

ఇక్కడ జాగ్రత్త తిరగబడుతుంది. పక్కకు జరిగేది ఈసారి బర్క్ చిలుక. మగ కాకటీల్ గూడు ధ్యాసలో ఉన్నప్పుడు దాన్ని గిన్నె దగ్గరికి రానివ్వకపోవచ్చు. అది పోట్లాడదు గనుక మీకు గొడవ కనబడదు, బరువు తగ్గడమే కనబడుతుంది. కాబట్టి వారానికోసారి గ్రాముల త్రాసు మీద తూచడం తప్పదు. పొద్దున్నే ఒక గిన్నె, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఇంకో గిన్నె, కాకటీల్ గిన్నెకు కనీసం అర మీటరు దూరంలో పెట్టండి. స్ప్లెండిడ్ చిలుక కూడా ఇదే తీరు. దాని మగవి తమలో తాము పోట్లాడుకుంటాయి, అందుకని ఒక పంజరానికి ఒకే మగది. ఈ రెండు జాతులూ నేల మీద దిగి ఏరుకు తింటాయి. అడుగున రెట్ట పేరుకుంటే దాన్నే తొక్కి అక్కడే తింటాయి, కాబట్టి అడుగు కాగితం రోజూ మార్చాలి.

రెండింటికీ, కాకటీల్‌కి కూడా, ఉమ్మడి బలహీనత రాత్రి బెదురు. ఏ చిన్న చప్పుడుకో నీడకో చీకట్లో ఒక్కసారి లేచి ఊచలకు కొట్టుకుంటాయి. ఒకటి లేస్తే పంజరమంతా లేస్తుంది, 90 గ్రాముల పక్షి గుడ్డిగా కొట్టుకుంటూ వచ్చి 45 గ్రాముల దాని మీద పడుతుంది. లుటినో కాకటీళ్లలో ఈ బెదురు ఎక్కువని పెంచేవాళ్లలో పేరు. మసక వెలుగు రాత్రి దీపం ఒకటి ఉంచండి, పంజరాన్ని మూడు వైపులే కప్పండి, నిద్రించే కర్రల చుట్టూ ఆటవస్తువులు వేలాడదీయకండి.

ఫించ్‌లు, గువ్వలు, క్వెయిల్: నడిచి తిరిగేంత ఏవియరీ (వల కట్టిన పక్షుల గది) ఉంటేనే

జీబ్రా ఫించ్ అనే బుల్లి పిట్ట బరువు 12 గ్రాములు. కాకటీల్ దాన్ని వేటాడదు, కానీ ఒక కర్ర మీద చోటు కోసం విసుగ్గా ఒక్క కాటు వేసినా అగ్గిపుల్ల లాంటి ఆ కాలు విరుగుతుంది. పైగా కాకటీల్ పంజరం ఊచల మధ్య ఖాళీ 15–19 మిల్లీమీటర్లుంటే ఫించ్ దూరి పోతుంది, లేదా తల ఇరుక్కుంటుంది. దానికి 10 మిల్లీమీటర్లు దాటకూడదు. మనుషులు నిలబడి నడవగలిగే ఏవియరీలో, ఫించ్‌లు దాక్కోవడానికి కాకటీల్ చొరబడలేని గుబురు కొమ్మలు ఉంటే ఇవి హాయిగా ఉంటాయి. గుడ్డు కలిపిన ఫించ్ తిండి కాకటీల్ తింటే దానికి కూడా గూడు ధ్యాస మొదలవుతుంది, అది దూరలేని సందులోపల పెట్టాలి.

డైమండ్ డవ్ అనే చిన్న గువ్వ సుమారు 30 గ్రాములు. దానికి కరిచే ముక్కే లేదు, కాకటీల్ దగ్గరికొస్తే ఎగిరిపోవడమే దాని ఆయుధం. ఎగరడానికి చోటు లేకపోతే ఆయుధం లేనట్టే. గువ్వలు గింజను పొట్టుతో సహా మింగుతాయి గనుక వాటికి నూరుడు రాళ్లు కావాలి. చిలుక జాతులు పొట్టు ఒలిచి తింటాయి, వాటికి ఆ రాళ్లు అక్కర్లేదు, అతిగా మింగితే పేగుకు అడ్డం పడతాయి. ఈ ఒక్క కారణం చాలు గువ్వ గిన్నెను వేరు చేయడానికి. గువ్వల నుంచి ట్రైకోమోనాస్ అనే గొంతు జబ్బు వచ్చే అవకాశం ఉంది, తెచ్చిన వారంలోనే గొంతు పరీక్ష చేయించాలి.

బటన్ క్వెయిల్ అనే బుల్లి పూరేడును నేల శుభ్రం చేస్తుందని తెచ్చేవాళ్లున్నారు. రాలిన గింజలు తింటుంది గాని రాలిన రెట్టను ఎవరు తీస్తారు? బెదిరితే నిట్టనిలువుగా పైకి ఎగిరి తల కొట్టుకుంటుంది, పైకప్పు ఎత్తుగానైనా ఉండాలి, ఆ కప్పు కిందుగా మెత్తటి వల అయినా కట్టాలి. ఊచల అడుగున్న పంజరంలో దాని పాదాలు పాడవుతాయి. ఒక్క జంట కన్నా ఎక్కువ వద్దు.

వద్దనుకోవలసినవి

లవ్‌బర్డ్ సంగతి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. పిల్లప్పుడు కలిసి పెరిగినవి కూడా ఈడొచ్చాక మారిపోతాయి. మొదటి దెబ్బ సాధారణంగా కాలివేళ్లకే. కాకటీల్ ఊచలు పట్టుకుని వేలాడితే చాలు, పక్క పంజరంలోని లవ్‌బర్డ్ కూడా ఆ వేళ్లను అందుకోగలదు. కాబట్టి పంజరాలు పక్కపక్కన పెట్టినా మధ్య కనీసం 30 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి, లవ్‌బర్డ్ బయట తిరిగేటప్పుడు కాకటీల్ పంజరం మీదికి ఎక్కనివ్వకూడదు. ‘మా ఇంట్లో బాగానే ఉన్నాయి’ అనే మాట వినిపిస్తుంది. ఉంటాయి, మొదటి గూడు కాలం దాకా.

పారట్‌లెట్ 30 గ్రాములే, తీరు లవ్‌బర్డ్‌దే. క్వేకర్ చిలుక తన పంజరాన్ని కోటలా కాపాడుకుంటుంది. రోసెల్లాలు తమ జాతినే సహించవు. తోక పొడుగు రామచిలుకల ముక్కు కాకటీల్ పుర్రెకు ప్రమాదం. పైగా అడవి నుంచి పట్టిన స్థానిక చిలుకలను పెంచడం చాలా దేశాల్లో నేరం. లోరికీట్‌లకు మకరందం లాంటి పలుచని తిండి కావాలి, అవి చిమ్మే జిగట రెట్ట గింజల గిన్నెల్లో పడుతుంది, స్వభావం కూడా దురుసు.

కొన్యూర్‌లు అనే దక్షిణ అమెరికా చిలుకల విషయంలో ఇంకో కారణం ఉంది. కాకటీల్ కాకటూల కుటుంబానిది. దాని ఒంటి నుంచి తెల్లటి పొడి నిత్యం రాలుతుంది. దక్షిణ అమెరికా చిలుకల్లో కొన్నింటికి, ముఖ్యంగా మకావ్‌లకు, ఈ పొడి ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి చేరి శ్వాస జబ్బు తెస్తుంది. పోట్లాట జరగకపోయినా ఒకే గాలి పంచుకోవడమే చేటు. గ్రీన్‌చీక్ కొన్యూర్ ఇప్పటికే ఇంట్లో ఉంటే వేరే గది, లేదంటే హెపా ఫిల్టర్ ఉన్న గాలి శుద్ధి యంత్రం, వారానికి రెండు మూడుసార్లు కాకటీల్‌కి స్నానం.

పెద్ద చిలుకల్లో ఒక్క మినహాయింపు ప్రిన్సెస్ చిలుక. అదీ ఆస్ట్రేలియాదే, 100 గ్రాముల పైచిలుకు, తోక చాలా పొడుగు, మనసు మెత్తన. పెద్ద ఏవియరీలో కాకటీళ్లతో కలిసి ఉంటుంది. ఆ తోక ఇంటి పంజరంలో పట్టదు.

తెచ్చాక తొలి 45 రోజులు

కలిసే పక్షులనే తెచ్చినా పని చెడేది ఎక్కువగా ఇక్కడే. కొత్త పక్షిని వేరే గదిలో, తలుపు వేసి, 30 రోజులకు తగ్గకుండా, కుదిరితే 45 రోజులు ఉంచండి. ఒకే గదిలో రెండు మూలల్లో పెట్టడం క్వారంటైన్ కాదు, పొడీ ఎండిన రెట్ట దుమ్మూ గాలిలోనే తిరుగుతాయి. రోజూ ముందు పాత పక్షి పని, తర్వాత కొత్తదాని పని. గిన్నెలు, గుడ్డ, చీపురు అన్నీ వేరు. కొత్తదాని గదిలోంచి వచ్చాక చేతులు సబ్బుతో కడిగి చొక్కా మార్చండి.

ఈ గడువులో పక్షుల డాక్టరుతో చేయించవలసినవి: రెట్ట పరీక్ష, క్లామిడియా పరీక్ష, ముక్కూ ఈకలూ పాడుచేసే సర్కో వైరస్ పరీక్ష. క్లామిడియా అనే బ్యాక్టీరియా తెచ్చే సిట్టకోసిస్ జబ్బు మనుషులకూ అంటుతుంది. పక్షికి సాధారణంగా డాక్సీసైక్లిన్ 45 రోజులు వాడతారు, రెట్ట మామూలైందని ఇరవయ్యో రోజున మందు ఆపితే మళ్లీ తిరగబెడుతుంది. సర్కో వైరస్‌కు మందు లేదు, పైగా అది పంజరంలో, దుమ్ములో చాలాకాలం నిలుస్తుంది. పరీక్ష ఖర్చు చూసి వెనకాడేవాళ్లు ఈ ఒక్కదాన్నైనా వదలకూడదు.

కొత్తదాన్ని రోజూ ఒకే వేళకు, పొద్దున తిండికి ముందు, గ్రాముల త్రాసు మీద తూచి రాసుకోండి. ఇల్లు మారిన బెంగతో మొదటి రెండు మూడు రోజులు కాస్త తగ్గొచ్చు. మొదటి తూకంలో పదో వంతు తగ్గిందంటే, అంటే 90 గ్రాముల పక్షి 81కి వచ్చిందంటే, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఒకదానికొకటి చూపించడం

గడువు తీరాక కొత్త పంజరాన్ని పాత పక్షి ఉన్న గదిలోకి తెచ్చి రెండు మీటర్ల దూరంలో పెట్టండి. రోజుకు కొంచెం జరుపుతూ వారం రోజుల్లో అర మీటరుకు తేవాలి. రెండూ ఒకే వేళకు తింటున్నాయా, ఒకదాని ఎదుట ఇంకొకటి ఈకలు సవరించుకుంటోందా చూడండి. ఎదుటివాడి ముందు ఈకలు విప్పుకుని కూర్చోవడం భయం లేదనడానికి మంచి గుర్తు. తురాయి బిగదీసి నిటారుగా, ఒళ్లు సన్నగా చేసి చూస్తుంటే భయం ఇంకా పోలేదు, జరపడం ఆపండి.

రెండో వారం పంజరాల బయట, ఏదీ తనది అనుకోని చోట కలపాలి. ఇంకో గదిలోని బల్ల బాగుంటుంది. ఒక కొర్ర కంకికి బదులు రెండు కంకులు, అర మీటరు ఎడంగా పెట్టండి. మొదటి రోజు పది నిమిషాలు చాలు. బుస కొట్టడం, ముక్కు తెరవడం మామూలే, అది మాటలతో తేల్చుకోవడం. కాళ్ల మీదికి వంగి కాటు వేయడం, వదలకుండా వెంటపడి తరమడం, గాల్లో మీద పడటం కనిపిస్తే ఆపి, మూడు రోజులు వెనకటి దశకు వెళ్లండి. ఒకదానికి రెక్కలు కత్తిరించి ఉండి, ఇంకొకటి ఎగురుతుంటే మాత్రం అసలు కలపకండి. పారిపోలేని పక్షికి బుస తప్ప దారి లేదు.

మూడో వారంలో, అప్పుడూ గొడవ లేకపోతేనే, ఒకే పంజరం. పాతదాని పంజరంలోకి కొత్తదాన్ని వదలడం అందరూ చేసే పొరపాటు. ఇద్దరికీ కొత్తదైన పంజరం కావాలి. అది లేకపోతే పాత పంజరాన్ని కడిగి, కర్రలు గిన్నెలు అన్నీ చోట్లు మార్చి, ఇంకో గోడ పక్కన పెట్టి, రెండింటినీ ఒకేసారి లోపలికి పంపండి. పొద్దున్నే చేయండి, రోజంతా చూసే వీలుంటుంది. మొదటి వారం రాత్రుళ్లు విడిగానే పడుకోనివ్వండి.

పంజరం అమరిక

రెండు కాకటీళ్లకు కనీసం 90 సెంటీమీటర్ల పొడవు, 60 లోతు, 75 ఎత్తు. పక్షి అడ్డంగా ఎగురుతుంది గనుక పొడవే ముఖ్యం. సన్నగా ఎత్తుగా ఉండే గోపురం పంజరాలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి, అంతే. బడ్జీలో, బర్క్ చిలుకలో కలిస్తే ఊచల ఖాళీ 12 మిల్లీమీటర్లు దాటకూడదు.

పోట్లాటలు పుట్టేది రెండు చోట్ల, తిండి గిన్నె, అన్నిటికన్నా ఎత్తైన కర్ర. నాలుగు పక్షులకు మూడు తిండి గిన్నెలు, రెండు నీళ్ల గిన్నెలు పెట్టండి, ఒక పక్షి ఒకేసారి రెండింటిని కాపలా కాయలేనంత దూరంలో. పై కర్రలు రెండు, ఒకే ఎత్తున, రెండు చివర్లా ఉండాలి. మందం కాకటీల్‌కి 15–20 మిల్లీమీటర్లు, బడ్జీకి 10–15. అంతా ఒకే లావు కర్రలు కాకుండా సహజమైన కొమ్మలు కలపండి. కర్ర కింద గిన్నె ఉండకుండా చూసుకుంటే సగం జబ్బులు తప్పుతాయి.

తిండి రోజుకు కాకటీల్‌కి ఒకటిన్నర నుంచి రెండు పెద్ద చెంచాలు, బడ్జీకి అంతే లెక్కన చిన్న చెంచాలు. ఉమ్మడి గిన్నెలో చిన్న గింజల మిశ్రమం, చిన్న సైజు పెల్లెట్లు (గుళికల తిండి) పెట్టి, పొద్దుతిరుగుడు గింజలు కాకటీల్‌కి చేతితో మాత్రమే ఇవ్వండి, రోజుకు అయిదారు. ఉమ్మడిగా పెడితే అన్నీ కొవ్వెక్కుతాయి, గిన్నె దగ్గర తగవు కూడా వాటికోసమే. గూడు పెట్టె సంగతి మళ్లీ చెప్పక తప్పదు. రెండు జాతులు కలిసిన పంజరంలో ఒక్క పెట్టె వేలాడదీస్తే అంతవరకు ఉన్న స్నేహం చెడుతుంది.

కుదరకపోతే

మూడు నెలలు చూసినా ఒకటి ఇంకొకదాన్ని తరుముతూనే ఉంటే, తోక ఈకలు విరిగిన గుత్తులుగా కనిపిస్తే, ఒకటి ఎప్పుడూ అడుగునే కూర్చుంటే, తూకం తగ్గుతుంటే విడదీయండి. పొద్దున ఒకదానికి, సాయంత్రం ఒకదానికి బయట తిరిగే వేళ. పంజరాలు ఒకే గదిలో, చూపు ఆనేంత దూరంలో. అందుకే కలిపాక రెండో పంజరాన్ని ఎవరికీ ఇచ్చేయకూడదు. కర్రలు, గిన్నెలు అమర్చి, కడిగి పక్కన ఉంచాలి. ఒకటి జబ్బు పడినా, గూడు కాలంలో మగది రెచ్చిపోయినా అది కావలసింది ఆ నిమిషానే.

కాటు పడి వేలి నుంచి రక్తం కారితే పక్షిని మెత్తటి తువాలులో వదులుగా చుట్టి, శుభ్రమైన గుడ్డతో రెండు నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి. ఛాతీ మీద నొక్కు పడకూడదు, ఛాతీ కదలకపోతే పక్షికి ఊపిరి ఆడదు. గోరు దగ్గరి నుంచి కారుతుంటే మొక్కజొన్న గంజిపొడి (కార్న్‌స్టార్చ్) అద్దొచ్చు, తెరుచుకున్న గాయంలో మాత్రం ఏ పొడీ పోయకండి. అయిదు నిమిషాలకూ ఆగకపోతే, లేదా వేలు వేలాడుతుంటే, పక్షిని చీకటిగా వెచ్చగా ఉండే చిన్న పెట్టెలో పెట్టి డాక్టరు దగ్గరికి బయల్దేరండి. కరిచినదాన్ని తిట్టడం దండగ, ముందు దాన్ని రెండో పంజరంలో వేసి తలుపు గడియ చూసుకుని వెళ్లండి.